స్టీరింగ్ ర్యాక్ పోయిందంటే అసలేం పోయినట్టు?

మా ఇంట్లో ఇప్పటికీ తిరుగుతున్న కారు మారుతి 800. 2004 మోడల్, ఏపీ 31 నంబరు. నాన్న స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొన్నారు, రిటైరయ్యాక కూడా అమ్మడానికి మనసొప్పలేదు, పదిహేనేళ్ళు నిండాక ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని మరీ ఉంచుకున్నాం. విశాఖ అక్కయ్యపాలెం సందుల్లో తిరగడానికి దీన్ని మించిన బండి లేదని నేను గట్టిగా నమ్ముతాను. టర్నింగ్ రేడియస్ 4.4 మీటర్లే, పవర్ స్టీరింగ్ లేదు, చక్రం కింద చిన్న రాయి పడినా చేతికి తెలిసిపోతుంది. అలాంటి స్టీరింగ్‌లో ఏదో తేడా వచ్చిందని ముందు కనిపెట్టింది మాత్రం నేను కాదు, అమ్మ.

సింహాచలం వెళ్ళి కొండ దిగి వస్తున్నాం. అమ్మ ఎడమ పక్క ముందు సీట్లో కూర్చుంది. అడవివరం దాటాక రోడ్డు కాస్త గతుకులుగా ఉన్న చోట, "నా కాళ్ళ కింద ఏదో కొడుతోందిరా, చిన్న సుత్తితో కొట్టినట్టు" అంది. నాకేమీ వినపడలేదు, అద్దాలు దించి ఉన్నాయి, పక్కనే బస్సు. మర్నాడు పొద్దున్నే ఒక్కడినే కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్ళాను, అటు లారీలు తిరిగి తిరిగి రోడ్డు ఎక్కడో ఒకచోట చెదిరే ఉంటుంది. అద్దాలన్నీ ఎత్తేసి, ఫ్యాను కూడా ఆపేసి, ఇరవై స్పీడులో మెల్లగా పోనిచ్చాను. అప్పుడు వినపడింది. టక్. మళ్ళీ కాసేపటికి టక్ టక్. పెద్ద స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే ఏమీ లేదు, చిన్న చిన్న గతుకులు వరసగా వస్తే మాత్రం వదలకుండా కొడుతోంది, దాంతోపాటే స్టీరింగ్ పట్టుకున్న వేళ్ళకి చిన్న జిల్లు లాంటిది తగులుతోంది.

ఇక్కడి నుంచి ఆ చప్పుడు దేనిదో తేలడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. పాత బండి ఉన్నవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినపడుతుంది: "సార్, ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలి." ఆ మాట విన్నాక డబ్బు తీసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. స్టీరింగ్ తిప్పితే చక్రాల్ని తిప్పే ఆ ర్యాక్‌లో ఏది పోయింది?

మొదట వెళ్ళిన షెడ్‌లో కుర్రాడు జాకీ పెట్టి ఎడమ చక్రం గాల్లోకి లేపాడు, పైనా కిందా పట్టుకుని ఊపాడు, పక్కల పట్టుకుని ఊపాడు, "టై రాడ్ ఎండ్ లూజు సార్" అన్నాడు, స్టీరింగ్ నుంచి వచ్చే రాడ్డు చక్రానికి కలిసే జాయింటు అది. మార్చాం. చప్పుడు తగ్గలేదు. మళ్ళీ వెళ్తే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే జాయింటు, అన్నాడు. అదీ మార్చాం. తీసేసిన పాత బాల్ జాయింట్‌ని చేత్తో తిప్పి చూశాను, బిగుతుగా శుభ్రంగా ఉంది, బాగున్న పార్టే తీసి పక్కన పడేశామని అప్పుడే అర్థమైంది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. చప్పుడు ఎడమ నుంచి వస్తోంది, ఎడమ వైపు ఉన్నవే మార్చాడు. కానీ ఇనుములో చప్పుడు ఎక్కడ పుట్టిందో అక్కడే వినపడదు, ఒక చోట పుట్టి కడ్డీ వెంబడి పాకి ఇంకో చోట పలుకుతుంది. చెవిని నమ్ముకుంటే డబ్బు ఖర్చు.

రెండో చోట చేసిన పని నిజంగా ప్రమాదకరమైనది. ఎక్కడో చెప్పను, కానీ ఏం చేశారో చెప్పాలి. స్టీరింగ్ ర్యాక్ అంటే పళ్ళున్న పొడవాటి ఉక్కు కడ్డీ. దాని పళ్ళలో పినియన్ అనే చిన్న పళ్ళచక్రం కూర్చుంటుంది, మనం స్టీరింగ్ తిప్పితే పినియన్ తిరిగి ఆ కడ్డీని అటో ఇటో నెడుతుంది. కడ్డీ పినియన్‌కి ఎప్పుడూ ఆనుకుని ఉండాలి కాబట్టి వెనక నుంచి ఒక ప్లంజరు, దాని వెనక స్ప్రింగు, దాని వెనక బిగించే బోల్టు ఉంటాయి. స్టీరింగ్ లూజుగా ఉందనగానే చాలామంది ఆ బోల్టుని ఒక చుట్టు బిగించేస్తారు. మా బండికీ అదే చేశారు. రెండు రోజులు చప్పుడు తగ్గినట్టే ఉంది. మూడో రోజు సిరిపురం జంక్షన్‌లో ఎడమకి తిరిగాక స్టీరింగ్ వదిలితే దానంతట అది వెనక్కి రాలేదు. మామూలుగా మలుపు అయిపోగానే చేతుల్లోంచి జారుతూ తిన్నగా వచ్చేస్తుంది కదా, అలా రాకుండా తిరిగిన చోటే ఉండిపోయింది, నేను గబగబా లాక్కుని తిప్పకపోతే ఎడమ పక్క ఫుట్‌పాత్ ఎక్కేసేవాణ్ణి. చేతులు చల్లబడిపోయాయి.

అలా ఎందుకవుతుందో తర్వాత తెలిసింది. బండి ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది, కాబట్టి ర్యాక్ పళ్ళు మధ్య భాగంలోనే ఎక్కువ అరుగుతాయి, చివర్లు కొత్తవిలా ఉంటాయి. మధ్యలో ఉన్న ప్లే, అంటే ఆ కాస్త లూజు, పోవాలని బోల్టు బిగిస్తే అరగని చివర్లలో పట్టేస్తుంది. అందుకే ఆ బోల్టు ముట్టుకున్నాక ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడాలి, ఎక్కడా బిగుసుకోకూడదు. ఆ పని చెయ్యకుండా బండి చేతికిస్తే, చప్పుడు పోయింది కదా అని సంబరపడే లోపే మలుపులో తెలుస్తుంది. అదే రోజు వెళ్ళి బోల్టు వెనక్కి వదులు చేయించాను. టక్ టక్ మళ్ళీ మొదలైంది. కనీసం మలుపులు సరిగ్గా తిరుగుతున్నాయి.

ఆ తర్వాత నేను కొంచెం నిదానించి, మార్చడం మానేసి చూడడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగినవే. గతుకుల మీద వెళ్తున్నప్పుడు బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించి చూశాను. ఆ కాస్త బ్రేకుకే చప్పుడు ఆగిపోతే బ్రేకు ప్యాడ్లో, వాటిని నొక్కే కాలిపరో అదురుతున్నట్టు. ఆగలేదు. బండి ఆపి, నాన్నని స్టీరింగ్ తిప్పమని, బానెట్ ఎత్తి స్ట్రట్ (షాక్ అబ్జార్బరు, స్ప్రింగు కలిసి ఉండేది) పైన చెయ్యి పెట్టి, తర్వాత కింద స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూశాను. పైన మౌంటింగ్ బేరింగ్ పట్టేస్తే స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా టంగుమని విదిలించుకుంటుంది. అలాంటిదేమీ లేదు. ఇంకొకటి అనుకోకుండా దొరికింది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ, కింద ఫ్లైఓవర్ అతుకులు తగులుతున్నా సరే, చప్పుడు లేదు. తిన్నని రోడ్డు మీదకి రాగానే మళ్ళీ టక్. దాని మీద ఒక రాత్రంతా ఆలోచించాను. మలుపులో చక్రాలు స్టీరింగ్‌ని ఒకే పక్కకి లాగి పట్టుకుంటాయి, అరిగిన చోట ఉన్న ఖాళీ ఒక పక్కకి నొక్కుకుపోతుంది, కొట్టుకోవడానికి వీలుండదు. తిన్నగా పోతున్నప్పుడు ఆ పట్టు ఉండదు, కడ్డీ ఖాళీలో ఆడుతుంది. అంటే ఇది షాక్ అబ్జార్బర్ కాదు, స్టీరింగ్ లోపలిదే.

మద్దిలపాలెం దగ్గర అలైన్‌మెంట్‌కి వెళ్తే అక్కడి అబ్బాయి ఇంకో మంచి మాట చెప్పాడు. "సార్, టో రీడింగ్ నిలవట్లేదు. చక్రాన్ని అలా తట్టిన ప్రతిసారీ వేరే నంబరు చూపిస్తోంది. ముందు లూజు సంగతి చూసుకుని రండి, ఇప్పుడు చేస్తే మీ డబ్బులు దండగ." టో అంటే ముందు చక్రాలు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయో చెప్పే కొలత. చేసేసి డబ్బు తీసుకోవచ్చు, తీసుకోలేదు. తర్వాత పని పూర్తయ్యాక అలైన్‌మెంట్‌కి వెతుక్కుంటూ అతని దగ్గరికే వెళ్ళాను.

అప్పుడు నాన్న అన్నారు, "కంచరపాలెం తీసుకెళ్దాం పద, ముందే వెళ్ళుండాల్సింది." కంచరపాలెంలో నాన్నకి ముప్పై ఏళ్ళ నుంచి తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. నేను బాబాయ్ అనే పిలుస్తాను. వయసు మీద పడి పని తగ్గించేశాడు, తెలిసినవాళ్ళ బండ్లే చూస్తాడు. షెడ్డు లోపల కిందికి దిగి చూసే గొయ్యి ఉంది. నేను జాకీ అందించబోతే, "జాకీ ఏటికి బాబూ? చక్రం గాల్లో ఉంటే బరువుండదు, చిన్న ప్లే కనపడదు. నేల మీదే ఉండనీ. నాన్నగారిని స్టీరింగ్ కాడ కూకోబెట్టు, నువ్వు నాతో దిగు" అన్నాడు.

నాన్న లోపల కూర్చుని స్టీరింగ్‌ని కొంచెం కొంచెం, అటు రెండంగుళాలు ఇటు రెండంగుళాలు, ఆపకుండా ఊపుతున్నారు. ఇంజన్ ఆపేసే ఉంది. చక్రాలు తిరగక్కర్లేదు, ఖాళీ ఉన్న చోటల్లా కొట్టుకుంటే చాలు. బాబాయ్ నా చెయ్యి పట్టుకుని ఎడమ టై రాడ్ ఎండ్ మీద పెట్టాడు, బొటనవేలు రాడ్డు మీద, చూపుడు వేలు చక్రం వైపు ఆర్మ్ మీద. రెండూ కలిసే కదులుతున్నాయి, మధ్యలో తేడా లేదు. కొత్తది కదా. తర్వాత లోపలికి జరిగి రబ్బరు బెలో మీద చెయ్యెయ్యమన్నాడు. అకార్డియన్ మడతల్లా ఉంటుంది, ర్యాక్ చివర బాల్ జాయింటుని దుమ్ము పడకుండా కప్పి ఉంచేది. దాన్ని గట్టిగా పిసికి లోపలి జాయింటు అరచేతికి తగిలేలా పట్టుకున్నాను. నాన్న ఊపిన ప్రతిసారీ అరచేతిలో టక్, టక్. చెవికి వినపడడం కాదు, ఎముకలోకి దిగుతోంది. రెండు నెలలుగా ఊరంతా వెతుకుతున్నది నా గుప్పిట్లో ఉంది. "దొరికింది బాబాయ్" అన్నాను. "ఆగాగు, ఇంకోటుంది" అన్నాడు.

క్లిప్పు లాగి బెలోని పక్కకి జరిపాడు. బెలో అడుగున, కింద నుంచి చూస్తే తప్ప కనపడని చోట, వేలెడు పొడవు చీలిక. మడతల మధ్య తడిసి గట్టిపడిన ఇసుక. బీచ్ రోడ్డు ఇసుక, ఉప్పు గాలి, వానాకాలంలో చక్రం చిమ్మిన నీళ్ళు అన్నీ ఆ చీలికలోంచి లోపలికి వెళ్ళాయి. గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పు ముద్ద. విశాఖలో బండి పెట్టుకున్నవాళ్ళం డోర్ల కింద తుప్పు చూసుకుంటాం, సైలెన్సర్ చూసుకుంటాం, ఈ రబ్బరు తొడుగు కింద ఏం జరుగుతోందో ఎవరం చూడం. అప్పుడు దాని ధర చూస్తే నూట యాభై రూపాయలు కూడా లేదు.

తర్వాత బాబాయ్ ఆ కడ్డీ చివరని వేళ్ళతో పట్టుకుని పైకీ కిందకీ కదిపాడు. కదిలింది. ఎంతో కాదు, ఒక మందపాటి అట్ట ముక్క అంత. కానీ కదలకూడదు. ర్యాక్ కడ్డీ తన గొట్టంలో అటూ ఇటూ జారాలి తప్ప పైకీ కిందకీ ఆడకూడదు. ఇక్కడే నాకు మొత్తం అర్థమైంది. మన బండ్లకి స్టీరింగ్ కుడి వైపు కాబట్టి పినియన్ కుడి పక్కనే ఉంటుంది. ఆ పక్కన కడ్డీని పినియన్, ప్లంజరు రెండూ ఒడిసిపట్టుకుని ఉంటాయి. ఎడమ చివర పట్టుకోవడానికి ఏమీ లేదు, గొట్టం అంచులో ఒక ప్లాస్టిక్ బుష్ తప్ప. ఆ బుష్ అరిగిపోతే ఎడమ చివర కడ్డీ గొట్టానికి కొట్టుకుంటుంది. ఆ గొట్టం బాడీకి బిగించి ఉంటుంది. అమ్మ కాళ్ళ కింద సుత్తి అదే. అమ్మ మొదటి రోజే సరిగ్గా చోటు చెప్పింది, చక్రం దగ్గర అనలేదు, కాళ్ళ కింద అంది. నేనే దాన్ని చక్రం దగ్గర అనుకుని మెకానిక్కులకి అలాగే చెప్పుకుంటూ వెళ్ళాను.

బాబాయ్ అంతటితో ఆగలేదు. కుడి పక్క బెలో కూడా పిసికి చూపించాడు, అక్కడ లూజు నామమాత్రంగా ఉంది. ర్యాక్‌ని బాడీకి పట్టి ఉంచే క్లాంపుల రబ్బర్లు చూశాడు, నాన్న ఊపుతున్నప్పుడు గొట్టం మొత్తం పక్కకి జరుగుతోందా అని. జరగట్లేదు. స్టీరింగ్ రాడ్డు కింద ఉండే కప్లింగ్ జాయింట్ మీద చెయ్యి పెట్టమన్నాడు, అది లూజైతే కూడా చేతికి ఇలాంటి జిల్లే తగులుతుందట, చాలామంది దాన్ని చూడకుండానే ర్యాక్ మార్చేస్తారట. అది బాగానే ఉంది.

ర్యాక్ దించాక పళ్ళు కిరోసిన్‌తో కడిగి ఎండలో పట్టుకుని చూశాం. మధ్యలో కొంచెం మెరుపు, అంతే. ఎక్కడా పన్ను విరగలేదు, గుంటలు లేవు. పినియన్ బేరింగ్ మెత్తగా తిరుగుతోంది. పాత బుష్‌ని బయటికి తీసి న్యూస్‌పేపర్ మీద పెట్టాడు. ఉంగరంలా గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగిపోయింది, అడుగు వైపు గోరంత పల్చగా అయిపోయి అంచు చిట్లిపోయింది. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాను. మొత్తం మార్చాలన్న ర్యాక్‌లో నిజంగా పోయినవి ఇవి: ఈ బుష్, ఎడమ ర్యాక్ ఎండ్ (బెలో లోపల నా అరచేతికి కొట్టిన ఆ బాల్ జాయింటు), వాటిని కాపాడాల్సిన బెలో.

కొత్త బుష్ వేసి, ఎడమ ర్యాక్ ఎండ్ కొత్తది బిగించి, బెలోలు రెండూ మార్చి, లోపలంతా కొత్త గ్రీజు పెట్టాడు. ర్యాక్ ఎండ్ బిగించేటప్పుడు కడ్డీనే విడిగా పట్టుకుని బిగించాడు. అలా పట్టుకోకపోతే ఆ మెలి బలం అంతా పినియన్ పళ్ళ మీద పడుతుందట. బిగించాక వాషర్ అంచుని మడిచి లాక్ చేశాడు, లేకపోతే అది విడిపోతుంది, నడుస్తున్న బండికి అది విడిపోవడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. టై రాడ్ ఎండ్ విప్పే ముందు మర ఎన్ని చుట్లు లోపలికి ఉందో లెక్కపెట్టి చాక్‌పీస్‌తో గోడ మీద రాసుకున్నాడు, అన్నే చుట్లు తిప్పి బిగిస్తే అలైన్‌మెంట్ షాపు దాకా అయినా బండి తిన్నగా వెళ్తుంది. చివర్న ప్లంజరు బోల్టు. బిగించడం, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పడం, మళ్ళీ కొంచెం వదలడం, మళ్ళీ తిప్పడం, అలా అరగంట చేశాడు. సిరిపురంలో నాకు జరిగింది చెప్పాక ఆయన ఇంకా జాగ్రత్తగా చేశాడేమో అనిపించింది.

ఖర్చు కూడా చెప్పేస్తాను. పార్టులు, గ్రీజు కలిపి పన్నెండొందలు, కూలి పదిహేనొందలు, అలైన్‌మెంట్ వేరే. కొత్త ర్యాక్ వెయ్యడానికి అంతకు ముందు నాకు చెప్పిన అంకె దీనికి మూడింతల పైనే. అలాగని ఎవరూ ర్యాక్ మొత్తం మార్చకూడదని అనట్లేదు. పళ్ళు విరిగినా, కడ్డీకి గుంటలు పడేలా తుప్పు పట్టినా, గుద్దుకుని కడ్డీ వంగినా మార్చాల్సిందే, అక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండైతే సంగతి వేరు, బెలో పిసికితే లోపల ఆయిల్ ఉన్నట్టు తెలిస్తే సీలు పోయినట్టే, ఆయిల్ పోస్తూ రోజులు గడపకూడదు. స్టీరింగ్ లూజుగా కాకుండా బరువుగా ఉంటే ముందు టైర్లలో గాలి చూసుకోండి, తర్వాతే ర్యాక్ మాట. లూజు అయినా చప్పుడు అయినా, ఒకరిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి చక్రాలు నేల మీద ఉండగానే ఊపించి, మీ చెయ్యి ఒక్కో జాయింటు మీద పెట్టి చూపించమని అడగండి. పది నిమిషాల పని. చూపించనంటే ఇంకో షెడ్డుకి వెళ్ళండి.

మద్దిలపాలెం అబ్బాయి దగ్గర ఈసారి రీడింగ్ కదలకుండా నిలబడింది, చక్రాన్ని తట్టి తట్టి మరీ చూపించాడు. ఎడమ టైరు లోపలి అంచు మాత్రం అప్పటికే అరిగిపోయి ఉంది, దాన్ని వెనక్కి మార్చాం. ఆదివారం అమ్మని ఎక్కించుకుని కాన్వెంట్ జంక్షన్ వైపే తీసుకెళ్ళాను, అద్దాలెత్తి, ఇరవై స్పీడు. అమ్మ చెప్పులు విప్పేసి పాదాలు రెండూ నేలకి ఆనించి కూర్చుంది. గతుకులన్నీ దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత "లేదురా" అంది. కుడి పక్క ర్యాక్ ఎండ్‌లో ఉన్న ఆ కాస్త ప్లే అలాగే ఉంది, వచ్చే వానాకాలం ముందు గొయ్యిలోకి దిగి మళ్ళీ చెయ్యి పెట్టి చూడాలి.